వల్లె వేయని క్రియ

ఇటాలియన్ భాషలో క్రియలు రెండు రకాలు. మాట వినేవి, విననివి. వినేవాటికి ఒక సూత్రం ఉంటుంది. ఒకదాన్ని లొంగదీసుకుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. విననివాటిని మాత్రం ఒక్కొక్కదాన్నీ విడిగా కూర్చోబెట్టి బతిమాలుకోవాలి. 'వెళ్ళడం' అంటే 'అందారే'. కానీ 'నేను వెళ్తాను' అనాలంటే 'వాదో' అనాలి. ఆ రెండు మాటలకీ ఏ చుట్టరికమూ కనిపించదు. ఈ మొండిఘటాల జాబితాను ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి రాసుకుని, వంటింట్లో పొయ్యి వెనక గోడకు అంటించుకున్నాను. పప్పు పొంగినప్పుడల్లా దాని మీద ఒక మరక పడేది.

ఆ కాగితంలో ఒక వరుస ఖాళీగా వదిలేశాను. ఆ వరుసలో ఉండాల్సిన క్రియకు అర్థం 'పట్టుకోవడం'. అది నేను నేర్చుకోకపోవడం వల్ల ఒక మనిషి చేతి వేళ్ళు పోయాయి. నష్టం వేళ్ళతో ఆగలేదు. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

అప్పట్లో నేను కాజీపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, డాక్యుమెంటేషన్ సెక్షన్లో పనిచేసేదాన్ని. మందుల కంపెనీలో ప్రతిదీ కాగితం మీద ఉండాలి. మిషను ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, మళ్ళీ ఎవరు నడిపించారు, అన్నీ. రాయనిది జరగనట్టే లెక్క. ఆ రాతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నా పని. కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంటులో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కేదాన్ని.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా మా ఇంటి గుమ్మం లోపల ఒక తెలుగు, బయట ఒక తెలుగు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూనే తోటిపిల్లల భాషలో "అమ్మా, వచ్చిన" అనేదాన్ని. "వచ్చిన ఏమిటే? వచ్చిన పిల్లా, వచ్చిన బస్సా? వాక్యం పూర్తి చెయ్యి" అనేది అమ్మ. "వచ్చాను" అనేదాకా కంచంలో ఏదీ పడేది కాదు. అలా నా చెవికి ఒక జబ్బు పట్టుకుంది. చుట్టుపక్కల వాళ్ళు "చేసిన", "తిన్న", "చూసిన" అంటే, ఆ వాక్యం ఇంకా అయిపోలేదనీ, తర్వాత ఇంకో మాట రావాలనీ అనిపించేది. అది వాళ్ళ భాషలో నిండైన వాక్యమేనని తెలిసి కూడా ఎదురుచూసేదాన్ని.

ఆ జబ్బును ఫ్యాక్టరీకి కూడా మోసుకుపోయాను. షిఫ్టు రిజిస్టర్లో ఆపరేటర్లు "మిషన్ బంద్ చేసిన" అని రాస్తే, ఎర్ర పెన్నుతో కొట్టేసి "చేశాను" అని దిద్దేదాన్ని. నన్నెవరూ దిద్దమనలేదు. కంపెనీకి కావలసింది టైమూ, సంతకమూ. నాకు మాత్రం అది చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. ఎదురుగా మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఆపి సరిచేసేదాన్ని. పోనుపోనూ వాళ్ళు నా దగ్గర నోరు విప్పాలంటే కాస్త తడుముకునేవారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మాత్రలను రేకు పట్టీల్లో పెట్టి సీలు వేసే కొత్త మిషను ఇటలీ నుంచి వస్తోందని తెలిసింది. దాంతో పాటు వచ్చే పుస్తకాల్లో సగం ఆ భాషలోనే ఉంటాయట. వాళ్ళ టెక్నీషియన్‌కు ఇంగ్లిష్ అంతంతమాత్రమట. ఎవరైనా నాలుగు ముక్కలు నేర్చుకుంటారా అని మేనేజర్ అడిగితే, అందరికంటే ముందు నా చెయ్యి లేచింది. శని, ఆదివారాల్లో కంప్యూటర్లో క్లాసు. పాఠం చెప్పేది ఒక ఇటాలియన్ ఆవిడ. నా శ్రద్ధ ఆవిడకు బాగా నచ్చింది. మాట వినని క్రియల దగ్గరికి వచ్చాక ఆవిడ ఒక కిటుకు చెప్పింది. ముందు 'నేను' రూపం గట్టిగా వల్లె వేయండి, ఎదుటివారికి మర్యాదగా 'చేయండి' అని చెప్పే రూపం అందులోంచే పుడుతుంది అంది. 'వెనీరే' అంటే రావడం. నేను వస్తాను, 'వెంగో'. మీరు రండి, 'వెంగ'. 'తొల్యేరే' అంటే తీసేయడం. నేను తీస్తాను, 'తోల్గో'. మీరు తీయండి, 'తోల్గ'. 'నేను' రాకపోతే 'మీరు' రారు అని ఆవిడ నవ్వింది. నేను నోటు పుస్తకంలో దాని కింద గీత గీసుకున్నాను.

కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇవన్నీ పైకే చదివేదాన్ని. వెనక సీట్లలో ఆపరేటర్లు ఉండేవారు. వెంగో, సాల్గో, తోల్గో, రిమాంగో. వాళ్ళకు అలవాటైపోయింది. ఒకరోజు జాబితాలో తర్వాతిది వచ్చింది. ఆ క్రియ 'తెనేరే'. పట్టుకోవడం. దాని 'నేను' రూపం ఇక్కడ రాయను. 'వెనీరే' కాస్తా 'వెంగో' అయినట్టే ఇదీ అవుతుంది. చదివేవాళ్ళు మనసులో ఒకసారి అనుకుని చూసుకుంటే నా అవస్థ అర్థమవుతుంది. నేను ఏ అనుమానమూ లేకుండా, స్పష్టంగా, గట్టిగా రెండుసార్లు చదివాను. బస్సులో మాటలు ఆగిపోయాయి. వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరో జేబురుమాలు నోట్లో కుక్కుకున్న చప్పుడు. అప్పుడు నా చెవిన తెలుగులో పడింది, నేనన్న మాట. పటాన్‌చెరు దాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంటికెళ్ళి ఆ వరుస రాయకుండా వదిలేశాను. ఒక్క క్రియే కదా అనుకున్నాను. పట్టుకోమనడానికి ఇంకో మాటేదో ఉండకపోదు అనుకున్నాను. ఉందో లేదో చూడను కూడా లేదు.

ఆ కొత్త మిషను మీద వేయాలనుకున్న ఆపరేటర్‌ది బొంతపల్లి. అప్పటికే యాభైకి దగ్గర పడ్డాడు. వాళ్ళది తరాలుగా వ్యవసాయం. ఇంకా కొంచెం పొలం మిగిలింది. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవాడు. పాత మిషను మీద రేకు నడుస్తుంటే ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ దానికి తాకీ తాకనట్టు ఆనించి, "గుంజుతుంది, ఆపుండ్రి" అనేవాడు. ఆయన అన్న తర్వాత కాసేపటికి గానీ మిషను ఎర్రదీపం వెలిగేది కాదు. రేకు బిగువు ఎంత ఉందో ఆ రెండు వేళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. అందుకే కొత్త మిషను ఆయనకు ఇస్తామన్నారు. దాని బొమ్మల పుస్తకం తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా తిరగేసేవాడు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో నా ఎదురుగా టిఫిన్ డబ్బా పెట్టుకుని నేను వెంట తెచ్చుకున్న జాబితా నకలు వైపు చూశాడు.

"ఏంది మేడం అది, మంత్రమా?"

"ఇటాలియన్ క్రియలన్నా. ఇవి పద్ధతిగా మారవు. మన తెలుగు అలా కాదు, అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి. వీటిని మాత్రం బట్టీ కొట్టాల్సిందే."

ఆయన ముద్ద నములుతూనే కాగితం మీదికి వంగాడు. "మనకు లేవా? వచ్చిన అంటం. రా అంటం. రాలె అంటం. మూడిట్ల ఏది దేని లెక్కున్నది?"

నిజమే. 'వచ్చు'కూ 'రా'కూ ఏం చుట్టరికం? పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటలో అంత మొండిఘటం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ ముక్క ఒప్పుకుంటే నా సొమ్మేం పోయేది? ఒప్పుకోలేదు. "వచ్చిన కాదన్నా, వచ్చాను" అన్నాను. జవాబు లేనప్పుడు ఎదుటివాడి తప్పు దిద్దడం నాకు బాగా అలవాటు.

"సరే, వచ్చానూ" అని చివర సాగదీసి నవ్వాడు. తర్వాత ఖాళీ వరుస మీద వేలు పెట్టి, "గిదేంది, రాయలె?" అన్నాడు.

"అది అక్కర్లేదు" అని కాగితం మడిచేశాను.

మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి టెక్నీషియన్ కూడా వచ్చి వారం రోజులున్నాడు. నేను దుబాసీని అన్న మాటే గానీ, చేతిపని చేసేవాళ్ళకు మధ్యలో మనిషి అంతగా అవసరపడలేదు. సైగలతో, బొమ్మలతో వాళ్ళే నడిపించుకున్నారు. అయితే ఆ మనిషికి ఒక అలవాటు ఉంది. పానా అందించినా, బోల్టు చేతిలో పెట్టినా ఒక మాట అనేవాడు. నా కాగితంలో ఖాళీగా వదిలేసిన క్రియకు మర్యాద రూపం అది. 'తీసుకోండి, పట్టుకోండి' అని. ప్రతిసారీ మావాళ్ళు నవ్వాపుకోలేక మెలికలు తిరిగిపోయేవారు. రెండు రోజులకల్లా వాళ్ళూ అదే మాట అంటూ ఒకరికొకరు స్పానర్లు ఇచ్చుకున్నారు. మూడో రోజుకు టీ గ్లాసులు కూడా.

అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే. వీళ్ళు పాపం ఆ పరదేశి మనిషికి బూతుమాట నేర్పి వేడుక చూస్తున్నారు. చెవులు ఎర్రబడిపోయి, చేతిలో పుస్తకంలోకి తల దూర్చేసేదాన్ని. అది ఆయన మాటే అయి ఉండొచ్చన్న ఆలోచన రాలేదు. భాష వచ్చినదాన్ని నేను, నాకు తెలియని మాట వాళ్ళకెలా తెలుస్తుంది? చివరికి షిఫ్టు ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. ఆయన అందర్నీ వరుసగా నిలబెట్టి తిట్టాడు. తిట్లు తిన్నవాళ్ళలో బొంతపల్లి అన్న కూడా ఉన్నాడు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గట్ల గాదు మేడం. ఆ మాట..."

"మీరు కూడానా అన్నా? మీ వయసుకు తగునా?" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ వాక్యం నేను పూర్తి కానిచ్చి ఉంటే తర్వాతిదేదీ జరిగేది కాదు. వాక్యం పూర్తి చెయ్యమని ఊరందరికీ చెప్పేదాన్ని, ఆ ఒక్కసారి చెయ్యనివ్వలేదు.

కొన్ని నెలలు మిషను బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం సీలు వేసే చోట రేకు ఇరుక్కుపోయింది. అక్కడ కింద ఒక పలక, పైన ఒక పలక ఉంటాయి. పట్టీ వాటి మధ్య నుంచి నడుస్తుంది. పక్కనున్న పిడిని ఎత్తి పడితే పై పలక లేస్తుంది, వదిలితే దబ్బున దిగుతుంది. టెక్నీషియన్‌ని వీడియోలో పిలిచాం. ఇన్‌చార్జ్ ఫోను పట్టుకుని చూపిస్తున్నాడు. బొంతపల్లి అన్న కుడిచేత్తో పిడి ఎత్తి పట్టి, ఎడమచేయి లోపల పెట్టి రేకు ముక్కలు లాగుతున్నాడు. పక్క మిషన్ల హోరు. నెట్టు తెగి తెగి వస్తోంది.

టెక్నీషియన్ ఏదో గట్టిగా అన్నాడు. 'మానో' వినిపించింది, చెయ్యి. 'లేవ' వినిపించింది, పిడి. వాటి ముందున్న క్రియ 'త'తో మొదలై 'గ'తో ఆగింది. వెనక నిలబడ్డ కుర్రాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మండిపోయింది. ఆ మంటలోనే, ఆ రూపంలో నాకు తెలిసిన ఒకే ఒక్క మాట అందుకున్నాను. తోల్గ. తీయండి.

"పిడి మీది నుంచి చెయ్యి తీసెయ్యమంటున్నాడన్నా."

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "తియ్యాల్నా?"

"తియ్యండి" అన్నాను.

తీశాడు.

ఫోనులో ఆ మనిషి అదే మాట మళ్ళీ మళ్ళీ అరుస్తూనే ఉన్నాడు. తర్వాత రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆ చూపుడువేలూ మధ్యవేలూ మొదటి కణుపు దాకా పోయాయి.

ఆ ఆదివారం క్లాసులో పంతులమ్మను అడిగాను. తెనేరేకు మర్యాద రూపం ఏమిటి? ఆవిడ చెప్పింది. చెప్పి, ఇంత తేలికైనది మీకు రాకపోవడమేమిటి అని ఆశ్చర్యపోయింది. ఫోనులో ఆ మనిషి అరిచింది ఆ మాటే. నేను కెమెరా ఆపేసుకున్నాను. అంటే, విచారణ నాటికే నాకు నిజం తెలుసు. తెలియక చేసింది ఒక తప్పు. తెలిసి చేసింది ఇకమీద చెప్పబోయేది.

తర్వాతి వారం సేఫ్టీ ఆఫీసరు వాంగ్మూలం తీసుకున్నాడు. ఆయనకు తెలుగు రాయడం అంతగా రాదు. చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. చిన్న గది. ఆఫీసరు బల్ల వెనక, చేతికి కట్టుతో అన్న ఎదురు కుర్చీలో, పక్కన పెన్నుతో నేను. పలక ఎందుకు దిగింది, పిడి ఎవరు వదిలారు అని ఆఫీసరు అడిగాడు.

"తియ్యుమన్నరు, తీసిన" అన్నాడు అన్న.

తెలుగులో ఉన్న సుఖం ఇదే. ఎవరన్నారో చెప్పకుండానే వాక్యం నిలబడుతుంది. ఇటలీ మనిషి అని ఉండొచ్చు. ఇన్‌చార్జ్ అని ఉండొచ్చు. ఆఫీసరు తలెత్తి, "ఎవరన్నారు?" అని అడిగాడు.

అన్న నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. పెన్ను పట్టుకుని, తర్వాతి మాట కోసం ఎదురుచూసేదానిలా కూర్చున్నాను. నేను నోరు తెరవాల్సిన సమయం అదే. ఒక్క మాట సరిపోయేది. 'నేను' అంటే సరిపోయేది.

"లొల్లిల సక్కగ ఇనవడలె సార్" అన్నాడు చివరికి. "నేనే తీసిన."

'నేనే తీశాను' అని రాశాను. ఆ స్థితిలో కూడా 'తీసిన' అని రాయబుద్ధి కాలేదు, చెయ్యి దానంతటదే దిద్దేసింది. 'తియ్యుమన్నరు' మాత్రం వదిలేశాను. ఎవరన్నారో తేలని మాట వాంగ్మూలంలో ఎందుకని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దెబ్బ తగిలింది ఎడమచేతికి కనుక సంతకం మామూలుగానే పెట్టాడు. పైకి వెళ్ళిన రిపోర్టులో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని వచ్చింది. వైద్యం కంపెనీయే చేయించింది. కొత్త మిషను మాత్రం ఇంకెవరికో ఇచ్చారు. ఆయన్ని వెనక తుక్కు యార్డుకు వేశారు. ఖాళీ డ్రమ్ములు, చినిగిన అట్టపెట్టెలు లారీకి ఎక్కించే చోటు. మిషను గదిలోకి రావాలంటే ఆయన కార్డుకు తలుపు తెరుచుకునేది కాదు.

అప్పుడప్పుడు గేటు దగ్గర కనిపించేవాడు. "బాగున్నరా మేడం" అనేవాడు. బాగున్నానని తల ఊపి నడక పెంచేదాన్ని. రిజిస్టర్లు దిద్దడం మానేశాను. దాంతో ఎవరికి ఏం ఒరిగిందో తెలియదు. ఏడాది తిరక్కుండానే, ఇటాలియన్ వచ్చన్న పేరు మీద ఇంకో కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. ఎవరి వేళ్ళు పోయాయో, ఎవరికి మెట్టు దొరికిందో చూడండి.

ఇప్పుడు ఆ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు నేనే ఆ భాష చెబుతున్నాను. పోయిన నెల తెనేరే దగ్గరికి వచ్చాం. ఆ మాట బోర్డు మీద రాసి, గట్టిగా పలికి, వాళ్ళచేత పలికించాను. ముందు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయారు. ఒక ట్రైనీ అమ్మాయి అడిగింది, "మీరు మొదట ఎట్ల నేర్చుకున్నరు మేడం, సిగ్గనిపించలేదా?" అని. ఏదో సర్దిచెప్పి క్లాసు ముగించాను. ఆ ఆదివారం బొంతపల్లి బస్సెక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అన్న ఉద్యోగం మానేసి చాలా రోజులైందట. వాకిట్లో కూర్చుని కందికాయ ఒలుస్తున్నాడు. కుడిచేత్తో ఒలిచి, ఎడమచేతి మిగిలిన వేళ్ళతో గింజలు పక్కకు నెడుతున్నాడు. వాళ్ళావిడ కుర్చీ వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. దారంతా కూడబలుక్కున్నవేవీ నోటికి రాలేదు.

"అన్నా, ఆ రోజు తప్పు నాది. ఆయన పట్టుకోమన్నాడు. నేను తియ్యమని చెప్పాను" అన్నాను.

"ఎర్కనే మేడం" అన్నాడు, కాయ ఒలుస్తూనే.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. ఆయన వారం దినాలు మాతోనే ఉండె గద. ఏదిచ్చినా గదే మాట. పట్టుకో అన్నట్టు. మా అందరికి ఎర్కనే. మీకు చెప్పొస్తే మీరు కోపానికొస్తిరి."

"అయితే ఆ రోజు మీకు సరిగ్గానే వినపడిందా?"

"మంచిగనే ఇనవడ్డది. పట్టుకొమ్మన్నడు."

"మరి ఎందుకు తీశారన్నా?"

ఆయన చేయి ఆగింది. ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకుంటాను. "మీరు తియ్యుమన్నరు" అన్నాడు. "రెండుమాట్ల అన్నరు. ఇగ నేనే తప్పు ఇన్ననేమో అనుకున్న. మీరు సదువుకున్నోళ్లు. నా మాటల ఎప్పుడూ ఏదో ఒక తప్పు ఉంటనే ఉంటది గద."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే ఓర్చుకునేదాన్ని. చాయ్ వచ్చింది. ఆఫీసరు ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ దిక్కు చూసిన. మీరే చెప్తరేమో అని. మీరు చెప్పలె. ఇగ నేనేం చెప్పాలె?"

నేను ఏడ్చాను. ఆయన భార్య కంగారుపడి నీళ్ళు తెచ్చింది. నేను తేరుకున్నాక ఆయన అడిగాడు. "మేడం, ఒక మాట. కాయితంల 'నిర్లక్ష్యం' అని రాసిన్రు. అంటే లెక్కజెయ్యకపోవుడే గద? ఇరవై ఏండ్లు మిషన్ మీద ఉన్న. నేను ఎన్నడన్న లెక్కజెయ్యకుంట ఉన్ననా? ఇప్పుడు మీరు చెప్పిన్రు గద, ఆ మాట తీపిస్తరా?"

ఆయనకు కావలసింది నా పశ్చాత్తాపం కాదు. ఆ ఒక్క మాట కాగితంలోంచి పోవడం. తీయిస్తాను అని చెప్పి వచ్చాను.

మరుసటి వారం సెలవు పెట్టి పాత ఫ్యాక్టరీకి వెళ్ళాను. జరిగిందంతా రెండు పేజీలు రాసి తీసుకెళ్ళాను. అప్పటి సేఫ్టీ ఆఫీసరు లేడు, మేనేజరు లేడు. కొత్తగా వచ్చిన అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, ఫైలు తెప్పించి, వాంగ్మూలం తీసి చదివాడు.

"ఇందులో ఏ అనుమానానికీ తావు లేదు మేడం. 'నేనే తీశాను' అని స్పష్టంగా ఉంది. ఎవరో తప్పు చెప్పారని ఒక్క ముక్క లేదు. సంతకం కూడా ఉంది. మామూలుగా ఆపరేటర్ల వాంగ్మూలాలు సగం అర్థం కావు. ఇది ఎవరు రాశారో గానీ, చాలా చక్కగా రాశారు."

"నేనే రాశాను" అన్నాను.

"మరింకేం" అన్నాడు ఆయన. నా రెండు పేజీలూ తీసుకుని, అందినట్టు ముద్ర వేసి ఇచ్చాడు. కేసు ఎప్పుడో మూసేశారనీ, మూసిన రిపోర్టులో మాట మార్చే అధికారం తనకు లేదనీ చెప్పాడు. నేను ఇంకా ఏదో అనబోతే, మీకు పాత కంపెనీ మీద అభిమానం ఉండటం మంచిదేనన్నాడు.

గేటు బయటికి వచ్చి నిలబడ్డాను. బొంతపల్లి అక్కడికి దగ్గరే. బస్సు కూడా వచ్చి ఆగింది. ఎక్కితే ఆయన వాకిట్లో కూర్చుని, ఆ మాట తీశారా అని అడుగుతాడు. నేను 'తియ్యలేదన్నా, వాళ్ళు ఒప్పుకోలేదు' అని చెప్పాలి. ఆ బస్సు వదిలేసి, పటాన్‌చెరు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఇది జరిగి మూడు వారాలైంది, ఇంకా వెళ్ళలేదు.